ఓడిన రోజు చెప్పుకునే కారణం

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఆటలు వేరు, ఊళ్ళు వేరు. అడిగింది మాత్రం దాదాపు ఒకటే. ఓడిపోయిన రోజు సాయంత్రం పిల్లలు, పెద్దలు, కోచ్‌లు దానికి ఏం కారణం చెప్పుకోవాలి? ఆ కారణం వచ్చే ఆటను ఏం చేస్తుంది? అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఈ ఒక్క విషయానికే ఇస్తున్నాం.

ప్రశ్న: మా అమ్మాయికి పదమూడేళ్ళు. నాలుగేళ్ళుగా బ్యాడ్మింటన్ ఆడుతోంది. ఈ ఏడాది అండర్-15లో మూడు టోర్నమెంట్లు ఆడితే మూడింట్లోనూ మూడో గేమ్‌లో ఓడింది. ఇంటికొచ్చి "నాలో టాలెంట్ లేదమ్మా" అని ఏడుస్తోంది. వాళ్ళ నాన్నేమో "ఇంకా కష్టపడాలి" అంటారు. పొద్దున్నే ఐదింటికి లేచి రెండు పూటలా ఆడే పిల్ల ఇంకేం కష్టపడుతుంది? కోచ్ సార్ "మెంటల్‌గా వీక్" అన్నారు. ఎవరి మాట నమ్మాలి? – ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, ముగ్గురూ ఆట లెక్క రాసిన కాగితం చూడకుండా తీర్పు చెప్పేశారు. ఏది నిజమో తేల్చడానికి కాసేపు ఆగుదాం. ముందు ఒక్కో మాట పాపను ఏం చేస్తుందో చూద్దాం.

బెర్నార్డ్ వైనర్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1970లలో ఈ విషయాన్ని ఒక పద్ధతిలో పెట్టారు. మనం చెప్పుకునే ఏ కారణాన్నైనా మూడు ప్రశ్నలు అడగవచ్చు. అది నాలో ఉందా, బయట ఉందా? రేపు కూడా ఉంటుందా, మారుతుందా? దాన్ని మార్చడం నా చేతిలో ఉందా? 'టాలెంట్ లేదు' అన్న మాటను ఈ మూడూ అడిగి చూడండి. నాలోనే ఉంది, రేపూ ఉంటుంది, నేనేం చేయలేను అని జవాబొస్తుంది. అలా నమ్మిన పిల్లకు రేపు ఐదింటికి లేవడానికి కారణమే ఉండదు. 'మెంటల్‌గా వీక్' కూడా ఆ కోవలోదే. పైగా అది కోచ్ నోటి నుంచి వచ్చింది కాబట్టి పాప మనసులో ముద్రలా పడుతుంది.

నాన్నగారి మాట చూడటానికి వీటికన్నా మేలు. కష్టం మన చేతిలోనిదే కదా. కానీ ఇక్కడ అది నిజం కాదు. నిజంగా ఒళ్ళు దాచుకున్న పిల్లకు 'కష్టపడలేదు' అంటే పనిచేస్తుంది. రెండు పూటలా చెమటోడ్చే పిల్లకు అదే మాట చెబితే 'ఇంత కష్టపడ్డా రాలేదంటే నాలో సరుకే లేదన్నమాట' అని లెక్క వేసుకుంటుంది. అంటే మళ్ళీ టాలెంట్ దగ్గరికే చేరుతుంది. ఈ పొరపాటు చాలా ఇళ్ళలో జరుగుతోంది. ప్రేమతోనే జరుగుతోంది కాబట్టి ఎవరూ ఆపరు.

ఇక కాగితం సంగతి. వచ్చే మ్యాచ్‌కు గ్యాలరీలో మీరు ఒక నోటుపుస్తకం పట్టుకుని కూర్చోండి. పాప పాయింటు పోగొట్టుకున్న ప్రతిసారీ ఒకే ఒక్క అక్షరం రాయండి. షటిల్ నెట్‌కు తగిలితే 'నె'. బయట పడితే 'బ'. వెనక నుంచి అవతలి కోర్టు చివరికి ఎత్తుగా కొట్టే క్లియర్ పొట్టిగా పడి అవతలి పిల్ల స్మాష్ కొడితే 'పొ'. సర్వీసు తప్పితే 'స'. అవతలి పిల్ల నిజంగా గొప్ప షాట్ ఆడితే 'ఎ'. గేము మారినప్పుడు గీత గీయండి. మూడో గేమ్‌లో స్కోరు 11కు చేరి కోర్టు మారేచోట ఇంకో గీత. ఇంతకుమించి ఏమీ రాయకండి. వ్యాఖ్యలు అసలే వద్దు.

ఉదాహరణకు మూడో గేమ్ 15–21తో పోయిందనుకుందాం. పోయిన 21 పాయింట్లలో 'పొ' తొమ్మిది, 'ఎ' ఐదు, 'నె' నాలుగు, 'బ' మూడు. మొదటి గేమ్‌లో 'పొ' రెండే. ఈ లెక్క ఏం చెబుతోంది? అలసిపోయాక క్లియర్ వెనక గీత దాకా వెళ్ళడం లేదు. టాలెంట్ ఉండి మొదటి గేమ్ గెలిచిన పిల్లకు గంటలో ఆ టాలెంట్ ఎక్కడికీ పోదు. కాళ్ళు బరువెక్కి షటిల్ కిందికి సమయానికి చేరలేకపోతోంది. శరీరం వెనక్కి ఒరిగి, షటిల్ తలకు వెనకపడి, చేతితో మాత్రమే కొడుతోంది. దీనికి మందు ఉంది. సింగిల్స్‌లో మంచి క్లియర్ వెనక ఉన్న రెండు గీతల మధ్య, అంటే 76 సెంటీమీటర్ల పట్టీలో పడాలి. ఇప్పటిదాకా క్లియర్ ప్రాక్టీస్ పొద్దున ఒళ్ళు తాజాగా ఉన్నప్పుడు చేయిస్తూ ఉండి ఉంటారు. దాన్ని శిక్షణ చివరికి మార్చమని కోచ్ సార్‌ను అడగండి. కాళ్ళ పని అంతా అయ్యాక ఒక్కో మూల నుంచి 20 చొప్పున కొట్టించి, పట్టీలో ఎన్ని పడ్డాయో రాయించండి. ఈ వారం 20కి 7 పడి, మూడు వారాలకు 12 అయితే ఆ అంకెను పాప తన కళ్ళతో చూస్తుంది.

రెండు పక్క సంగతులు కూడా చూసుకోండి. జిల్లా టోర్నమెంట్లలో ఒకే రోజు మూడు, నాలుగు మ్యాచ్‌లు పడతాయి. షటిల్ గాలికి కొట్టుకుపోతుందని హాల్లో ఫ్యాన్లు ఆపేస్తారు. మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య పాప ఏం తింటోంది, ఎన్ని నీళ్ళు తాగుతోంది? పొద్దున రెండు ఇడ్లీలతో మధ్యాహ్నం మూడో మ్యాచ్‌లో మూడో గేమ్ ఆడటం ఎవరి వల్లా కాదు. అలాగే అండర్-15లో పదమూడేళ్ళ పిల్లకు ఎదురొచ్చే వాళ్ళు ఏడాదిన్నర పెద్దవాళ్ళు కావచ్చు. ఆ వయసులో ఏడాదిన్నర అంటే ఎత్తులో, బలంలో చాలా తేడా. 'ఇది నాకొక్కదానికేనా, ఈ ఏడాది ఈ గ్రూపులోకి వచ్చిన అందరికీనా?' అని అడగడం నేర్పండి. బ్రిటన్ పరిశోధకుడు టిమ్ రీస్, ఆయన సహచరులు ఆటగాళ్ళ విషయంలో ఈ ప్రశ్నను కూడా లెక్కలోకి తీసుకోవాలన్నారు. అన్నింటికన్నా ముందు 'నా చేతిలో ఉందా' అన్నదే చూడమన్నారు.

చివరిగా మాట సమయం. హాలు నుంచి ఇంటికొచ్చే దారిలో ఓటమి ఊసు ఎత్తకండి. తినిపించండి, పడుకోనివ్వండి. మర్నాడు పాపనే ముందు చెప్పనివ్వండి. తర్వాతే మీ కాగితం తీసి "చూడు తల్లీ, ఏ గేమ్‌లో ఏ అక్షరం ఎక్కువుందో నువ్వే లెక్కపెట్టు" అనండి. లెక్క పాప చేతే చేయించడం ముఖ్యం. కారణం తానే కనిపెట్టిన పిల్ల దాన్ని నమ్ముతుంది.

ప్రశ్న: వయసు 17. లాంగ్‌జంప్. ప్రాక్టీస్‌లో 6.60 దాకా దూకుతాను. జిల్లా మీట్‌లో మూడు ఛాన్సులూ ఫౌల్. పోయినేడూ అంతే. అందరూ "ప్రెజర్ తట్టుకోలేవురా నువ్వు" అంటున్నారు. నాకూ అదే నిజమనిపిస్తోంది. మానేద్దామా అనుకుంటున్నాను. – ఒక ఇంటర్ విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: బాబూ, 'ప్రెజర్' అన్నది పేరే. ఆ పేరు వెనక నీ పాదం ఏం చేసిందో చూడాలి.

టేకాఫ్ బోర్డు, అంటే దూకడానికి చివరి అడుగు వేసే పలక, వెడల్పు 20 సెంటీమీటర్లు. ఇసుక వైపున్న దాని అంచే టేకాఫ్ గీత. నేల వదిలేలోపు షూ ముందుభాగం ఆ గీత మీది నిలువు తలాన్ని దాటితే ఫౌల్. ఇప్పుడు లెక్క వెయ్యి. నీది 16 అడుగుల (అంటే 16 అంగల) రన్నప్ అనుకుందాం. పోటీ రోజు గుండె వేగం పెరుగుతుంది, ఒంట్లో చురుకు ఎక్కువ ఉంటుంది. ఒక్కో అడుగు మామూలు కన్నా 2 సెంటీమీటర్లు సాగిందనుకో. నీకు తెలియను కూడా తెలియదు. కానీ బోర్డు దగ్గరికొచ్చేసరికి 16 రెళ్ళు 32 సెంటీమీటర్లు. అది బోర్డు వెడల్పు కన్నా ఎక్కువ. నీ 'పిరికితనం' అంటున్నది ఈ రెండు సెంటీమీటర్లే అయి ఉండవచ్చు. మనిషి గట్టిగా పరుగెత్తాడు, ఆరంభపు గుర్తు మాత్రం ప్రాక్టీస్ రోజు పెట్టిన చోటే ఉంది. జరిగింది అంతే కావచ్చు.

అయితే ఊహ చాలదు, కొలవాలి. బోర్డుకు ఆరు అంగల ముందు నీ పాదం ఎక్కడ పడాలో ప్రాక్టీస్‌లో గుర్తు పెట్టుకో. దీన్ని చెక్‌మార్క్ అంటారు. స్నేహితుణ్ణి ట్రాక్ పక్కన సరిగ్గా ఆ గుర్తుకు ఎదురుగా నిలబెట్టు. అతను రెండే చూడాలి. చెక్‌మార్క్ దగ్గర పాదం ఎక్కడ పడింది? బోర్డు దగ్గర ఎక్కడ పడింది? రెండంకెలూ రాయాలి.

చెక్‌మార్క్‌ను ప్రతిసారీ ఇంచుమించు ఒకే కొలతలో దాటుతున్నావా? అయితే తప్పు ఆరంభపు గుర్తులో ఉంది. ఎంత దాటుతున్నావో అంత వెనక్కి జరుపు. వెనక గాలి తోస్తున్న రోజున ఇదే జరుగుతుంది. ఎదురుగాలి రోజున ముందుకు జరపాల్సి వస్తుంది.

చెక్‌మార్క్ సరిగ్గా పడి, బోర్డు దగ్గర మాత్రం దాటుతున్నావా? అప్పుడు ఆరంభం గుర్తు ముట్టుకోకు. తప్పు చివరి ఆరు అంగల్లో ఉంది. సాధారణంగా బోర్డు వైపు తల వంచి చూస్తూ, అందుకోవాలని అడుగు చాచడం వల్ల ఇలా అవుతుంది. చూపు ఇసుక గుంత అవతలి అంచు మీద పెట్టి దూకకుండా పరుగు మాత్రమే తీస్తూ ఎనిమిది, పదిసార్లు చెయ్యి.

మూడో రకం అన్నిటికన్నా చిక్కు. ఒకసారి 5 సెంటీమీటర్లు దాటి, ఇంకోసారి 25 దాటి, మరోసారి 10 వెనకపడుతుంది. ఇలా చెదురుమదురుగా పడుతుంటే గుర్తు ఎటు జరిపినా ఉపయోగం లేదు. మొదటి ఫౌల్ చూసి గుర్తు జరిపేసి, రెండో ఫౌల్ చూసి మళ్ళీ జరిపి, మూడో ఛాన్సుకు అయోమయంలో పడిన వాళ్ళు చాలామంది ఉంటారు. ఈ చెదురు మొదటి రెండు అడుగుల నుంచి వస్తుంది. నాలుగడుగులు నడిచి పరుగందుకునే అలవాటుంటే దాన్ని మాని, నిలబడిన చోటు నుంచి ఒకే కాలితో, ఒకే ఒరుగుతో మొదలుపెట్టు. పది పరుగుల్లో ఎనిమిది 15 సెంటీమీటర్ల లోపల పడేదాకా ఇదే పని.

పోటీలో మొదటి ఛాన్సుకు ఆరంభం గుర్తు 15, 20 సెంటీమీటర్లు వెనక్కి పెట్టుకో. దూరం కొంచెం పోతుంది, అయినా ఒక కొలత పుస్తకంలోకి ఎక్కుతుంది. మామూలుగా మూడు ఛాన్సుల తర్వాత మొదటి ఎనిమిది మందికే మిగతావి ఇస్తారు కాబట్టి ఆ కొలత విలువ నీకు తెలుసు.

'ప్రెజర్ తట్టుకోలేను' అనుకుంటే చేయగలిగింది మానేయడమే. 'పోటీ రోజు నా అడుగు సాగుతుంది' అనుకుంటే చేతికి టేపు అందుతుంది. ముందు నెల రోజులు కొలిచి చూడు, ఆ తర్వాత మానే సంగతి ఆలోచించు.

ప్రశ్న: హైస్కూల్ పీఈటీని. మా కబడ్డీ జట్టు 24–35తో జోనల్ సెమీస్‌లో ఓడింది. పిల్లలంతా "రిఫరీ అమ్ముడుపోయాడు సార్" అంటున్నారు. రెండు నిర్ణయాలు నిజంగానే తేడాగా వచ్చాయి. వాళ్ళ ఉత్సాహం చచ్చిపోకుండా ఉండాలంటే ఈ మాటను ఒప్పుకోవాలా, ఖండించాలా? – నల్గొండ జిల్లా

జవాబు: మాస్టారూ, రెండూ వద్దు. లెక్క కట్టండి.

బయటి కారణం చెప్పుకోవడం మనసును కాపాడుకునే తీరు. గెలిస్తే మా గొప్ప, ఓడితే రిఫరీ తప్పు. ఇది పిల్లలకే కాదు, పెద్ద జట్లకూ ఉన్న అలవాటు. దానివల్ల ఆ రాత్రి నిద్ర పడుతుంది. చిక్కల్లా మర్నాడు ప్రాక్టీస్‌లో మార్చడానికి ఏమీ మిగలకపోవడం. రిఫరీని ప్రాక్టీస్ చేయించలేం కదా.

కాబట్టి బోర్డు మీద రాయండి. తేడా 11 పాయింట్లు. వివాదపడ్డ నిర్ణయాలు రెండు, వాటి విలువ, ఉదాహరణకు, 3 పాయింట్లు. అవి మనకే ఇచ్చేద్దాం. ఇంకా 8 మిగిలాయి. ఆ ఎనిమిదీ ఎక్కడ పోయాయి? ఇలా అడిగితే పిల్లల గాయాన్ని మీరు కాదన్నట్టు ఉండదు, సాకుకు చోటూ ఉండదు.

అందరూ గుంపుగా ఉన్నప్పుడు అడిగితే కెప్టెన్ ఏమంటే మిగతా వాళ్ళూ అదే అంటారు. ముందు ఒక్కొక్కడికీ చిన్న చీటీ ఇచ్చి, పేరు లేకుండా 'నేను ఇంకోలా చేయగలిగింది ఒకటి' రాయమనండి. మీరు కూడా ఒక చీటీ రాసి, అందరికన్నా ముందు మీదే చదవండి. టైమ్ అవుట్ ఆలస్యంగా అడిగానని మాస్టారే ఒప్పుకుంటే పిల్లాడికి తన తప్పు చెప్పడం సులువవుతుంది.

తర్వాత స్కోరు షీటు. కూతకు వెళ్ళిన ప్రతిసారీ ఏమైందో విడదీయండి: పాయింటు, ఖాళీ, అవుట్. రెండు ఖాళీ కూతల తర్వాత మూడోది తప్పనిసరి కూత అవుతుంది, పాయింటు తేకపోతే రైడర్ అవుట్. మొదటి రెండింట్లో బాక్ లైన్ (రైడర్ తప్పక దాటాల్సిన గీత) దాటి ఊరికే తిరిగొచ్చేస్తూ ఉంటే ప్రతి మూడో కూతా అవతలి వాళ్ళకు కానుకే. ఎదుట ఆరుగురు, ఏడుగురు ఉన్నప్పుడు బోనస్ గీతకు ఎన్నిసార్లు ప్రయత్నించారో చూడండి. డిఫెన్స్‌లో కార్నర్ పిల్లాడు చీలమండ పట్టుకున్న సమయానికి పట్టుకు తోడు రావాల్సిన కవర్ ఎంత దూరంలో ఉన్నాడు? పట్టు దొరికీ రైడర్ మధ్యగీత అందుకున్నాడంటే, తప్పు పట్టినవాడిది కాదు, ఆలస్యంగా వచ్చిన రెండోవాడిది. ఇది పిల్లలకు చెప్పి తీరాలి. లేకపోతే ధైర్యం చేసి పట్టిన పిల్లాడి మీద నింద పడి, వాడు మళ్ళీ పట్టడు.

చివరి కూతలో అవుటైన రైడర్ ఉంటాడు. "నీవల్లే పోయింది" అన్న మాట వాడికి తగలకుండా చూడండి. చివర జరిగింది కళ్ళ ముందు ఉంటుంది కాబట్టి అదే కారణంలా కనిపిస్తుంది. మొదటి సగంలో జట్టంతా అవుటై ఇచ్చిన లోనా రెండు పాయింట్లు ఎవరికీ గుర్తుండవు.

బయటి కారణమే నిజమైన రోజులు కూడా ఉంటాయి. విశాఖపట్నం హర్డిల్స్ క్రీడాకారిణి జ్యోతి యర్రాజి 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 100 మీటర్ల హర్డిల్స్ 13.09 సెకన్లలో పూర్తి చేశారు. అప్పటి జాతీయ రికార్డు 13.38, అదీ 2002 నాటిది. కానీ వెనక గాలి సెకనుకు 2.1 మీటర్లు ఉంది. అనుమతి 2.0. ఆ ఒక్క పదో వంతుతో రికార్డు లెక్కలోకి రాలేదు. 2020లో ఆమె 13.03 పరుగెత్తినప్పుడు డోపింగ్ పరీక్ష జరగలేదని అదీ లెక్కలోకి తీసుకోలేదు. ఇక్కడ కారణం గాలే, పరీక్ష లేకపోవడమే. పరుగులో లోపం వెతకడం అన్యాయం. 2022 మే నెలలో సైప్రస్‌లో 13.23తో రికార్డు అధికారికంగా ఆమె పేరున నమోదైంది. మీ పిల్లలకు ఇది చెప్పండి. గాలిని గాలి అనడం సాకు కాదు. గాలి లేని రోజున కూడా గాలి అనడమే సాకు.

ప్రశ్న: ఈతలో ఒకే రోజు రెండు, మూడు ఈవెంట్లు పడతాయి. మొదటిది పాడైతే మిగతావన్నీ పాడవుతాయి. ఎలా ఆపాలి? – విజయవాడ

జవాబు: మీ ప్రశ్నకు సరిగ్గా సరిపోయే పరిశోధన ఒకటి ఉంది. అమెరికా మనస్తత్వవేత్త మార్టిన్ సెలిగ్మన్, ఆయన సహచరులు 1990లో ప్రచురించారు. బర్కిలీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ ఈతగాళ్ళ చేత వాళ్ళ వాళ్ళ ఈవెంట్ ఈదించి, వచ్చిన టైమ్ కన్నా ఎక్కువ చెప్పారు, అంటే కావాలనే నిరాశపరిచారు. కాసేపు విశ్రాంతి ఇచ్చి మళ్ళీ ఈదించారు. చెడు జరిగితే 'ఇది నా బుద్ధే, ఎప్పుడూ ఇంతే' అని చెప్పుకునే అలవాటున్న వాళ్ళు రెండోసారి నెమ్మదించారు. 'ఈ ఒక్కసారికి ఇలా అయింది' అనుకునే వాళ్ళు తగ్గలేదు.

ఆ ఈతగాళ్ళలో మాట్ బియాండీ ఒకరు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో ఆయన మొదటి ఈవెంట్ 200 ఫ్రీస్టైల్‌లో కాంస్యంతో సరిపెట్టుకున్నారు. తర్వాత 100 బటర్‌ఫ్లైలో ముందంజలో ఉండి, గోడ దగ్గర ఇంకో చేతి వేటు వేయకుండా జారుతూ వెళ్ళి, సురినామ్‌కు చెందిన ఆంథొనీ నెస్టీ చేతిలో సెకనులో నూరో వంతుతో ఓడారు. ఆ తర్వాతి ఐదు ఈవెంట్లలోనూ స్వర్ణమే.

మీరు చేయాల్సింది: నీళ్ళలోంచి వచ్చాక పది నిమిషాలు నెమ్మదిగా ఈదండి. కోచ్‌ను 50 మీటర్ల స్ప్లిట్లు, అంటే ఒక్కో 50 మీటర్లకు పట్టిన టైమ్, మాత్రం అడగండి. 100 ఫ్రీస్టైల్‌లో రెండో 50కి మొదటిదానికన్నా రెండు, రెండున్నర సెకన్లు ఎక్కువ పట్టడం మామూలు. నాలుగున్నర పట్టిందంటే మొదట్లో మరీ తొందరపడ్డారన్నమాట. 'మొదటి 50 తొందరపడ్డాను' అని ఒక్క వాక్యం చేతి మీదో, కాగితం మీదో రాసుకుని అక్కడితో వదిలేయండి. ఫలితాల బోర్డు దగ్గర నిలబడకండి. తర్వాతి ఈవెంట్‌కు ఒక్క సూచన చాలు. పూర్తి విశ్లేషణ ఇంటికెళ్ళాక.

ప్రశ్న: మనవడు క్రికెట్‌లో రెండు మ్యాచ్‌లు వరుసగా డకౌట్. దిష్టి తగిలిందని నేను ఉప్పు, మిరపకాయలు తీశాను. నా కొడుకు నా మీద కోప్పడ్డాడు. నాది తప్పా? – ఒక నాయనమ్మ, తెనాలి

జవాబు: దిష్టి తీయడంలో తప్పేమీ లేదు నాయనమ్మ గారూ. మీ చెయ్యి తల చుట్టూ తిరిగితే పిల్లాడికి ధైర్యమే. ఒక్క జాగ్రత్త చాలు. "దిష్టి వల్లే అవుటయ్యావు నాన్నా" అనకండి. అలా అంటే వాడు బంతిని చూడటం మాని, చూసినవాళ్ళ కళ్ళను చూస్తాడు. "దిష్టి పోయింది, ఇక బంతి సంగతి నువ్వు చూసుకో" అనండి. రెండు డక్కులూ ఎలా అయ్యాయో మీ అబ్బాయిని అడగమనండి. రెండూ ఆఫ్ స్టంప్ బయటి బంతిని తాకి స్లిప్‌లో దొరికిపోయినవైతే వదిలేయాల్సిన బంతిని వదలడం నేర్చుకోవాలి. రెండూ రెండు రకాలైతే రెండు ఇన్నింగ్స్ నుంచి ఏ కారణమూ తేల్చకపోవడమే మంచిది.

ప్రశ్న: పి.వి. సింధుకు 'ఫైనల్ ఫోబియా' అని ఒకప్పుడు అందరూ అనేవారు. అలాంటిది నిజంగా ఉంటుందా? – హైదరాబాద్

జవాబు: స్కోర్లు చూడండి. 2016 రియో ఫైనల్: కరోలినా మారిన్ మీద మొదటి గేమ్ 21–19తో గెలిచి, 12–21, 15–21తో ఓడారు. 2017 గ్లాస్గో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్: నొజొమి ఒకుహరా చేతిలో 19–21, 22–20, 20–22. 110 నిమిషాల ఆట. 2018 నాన్‌జింగ్ ఫైనల్: మళ్ళీ మారిన్, 19–21, 10–21.

'ఫోబియా' అన్న ఒక్క మాట ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేసింది. కానీ మూడూ మూడు రకాల ఓటములు. గ్లాస్గోలో మూడో గేమ్ 20–20 దాకా వెళ్ళింది. అక్కడ రెండు పాయింట్లు ఇటు పడి ఉంటే ఇదే జనం 'పెద్ద మ్యాచ్ ప్లేయర్' అనేవాళ్ళు. ఆటగాణ్ణి బయట నుంచి చూసేవాళ్ళం కారణాన్ని మనిషి స్వభావంలో వెతుకుతాం. లోపల ఆడేవాళ్ళకు ఎదుటి మనిషి, షటిల్, కాళ్ళు, స్కోరు కనిపిస్తాయి. బయటివాళ్ళ మాటను లోపలివాళ్ళు నమ్మడం మొదలైన రోజున అసలు ప్రమాదం.

2019 ఆగస్టులో బాసెల్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్. అదే ఒకుహరా. 21–7, 21–7. 38 నిమిషాలు. ఆ టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలు ఆమె. స్వభావంలోనే భయం ఉన్న మనిషి స్కోరు కాదది. ఫైనల్ ముందు కంగారు ఎవరికైనా ఉంటుంది, దాన్ని జబ్బు పేరుతో పిలవకండి. ముఖ్యంగా మీ ఇంట్లో ఆడే పిల్లల ముందు టీవీ చూస్తూ అలాంటి మాటలు అనకండి. ఆ మాటలు పిల్లలు తమకూ అన్వయించుకుంటారు.

ప్రశ్న: మావాడు గెలిస్తే "లక్కు" అంటాడు, ఓడితే "నేనింతే" అంటాడు. వరుసగా తేలిక పోటీల్లో ఆడించి గెలిపిస్తే నమ్మకం వస్తుందా? – అనంతపురం

జవాబు: అంత తేలిగ్గా రాదు. 1975లో అమెరికా మనస్తత్వవేత్త కెరోల్ డ్వెక్ దీన్నే పరీక్షించారు. తప్పు వస్తే చతికిలబడిపోయే 12 మంది పిల్లలను తీసుకుని, లెక్కలతో రెండు పద్ధతులు ప్రయత్నించారు. సగం మందికి గెలుపే గెలుపు. మిగతా సగం మందికి మధ్యమధ్య ఓటమి ఎదురయ్యేలా చేసి, అప్పుడల్లా 'ఇంకొంచెం ప్రయత్నించి ఉండాల్సింది' అని చెప్పారు. తర్వాత కష్టమైన లెక్కలు ఇస్తే మొదటి గుంపు మునుపటిలాగే కూలిపోయింది. రెండో గుంపు నిలబడింది. గెలుపు మాత్రమే రుచి చూసినవాడికి ఓటమిని ఏం చేయాలో తెలియదు.

మీవాడి విషయంలో గెలిచిన రోజునే పని మొదలుపెట్టండి. "శభాష్" తర్వాత "ఎలా గెలిచావురా?" అని అడగండి. "లక్కు" అంటే ఒప్పుకోకండి. "సరే, లక్కు ఒకటి. ఇంకో రెండు చెప్పు" అనండి. వాడు చేసిన పని పేరు వాడి నోటే రావాలి: సర్వీసు మార్చాను, వెనక్కి త్వరగా వెళ్ళాను, ఇలా. "నువ్వు పుట్టుకతోనే ఆటగాడివి" అని మెచ్చుకోకండి. పుట్టుకతో గెలిచినవాడు ఓడితే ఆ ఓటమి కూడా పుట్టుకతోనే వచ్చిందనుకుంటాడు.

ప్రశ్న: ఓడాక బాధపడటం ఎంతవరకు మామూలు? మా అమ్మాయి అథ్లెటిక్స్ సెలక్షన్ పోయి మూడు వారాలైంది. – కర్నూలు

జవాబు: రెండు, మూడు రోజులు ఏడవటం, ట్రాక్ వైపు వెళ్ళకపోవడం మామూలే. కారణం ఎంత దూరం పాకిందో గమనించండి. 'నా స్టార్ట్ బాగాలేదు' అంటే కారణం ట్రాక్ మీదే ఉంది. 'నాకు ఆటలు రావు' అంటే కొంచెం పాకింది. 'నేను దేనికీ పనికిరాను' అంటే చదువు, ఇల్లు, స్నేహాలు అన్నింటి మీదికీ పాకింది. మూడోది వినిపిస్తూ, నిద్ర, తిండి తగ్గి, ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి పోయి రెండు వారాలు దాటితే అది కోచ్ సరిచేసేది కాదు. ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్ళండి. చనిపోవాలన్న మాట ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగకండి. టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 పగలూ రాత్రీ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. అమ్మాయి తనంతట తాను ఫోన్ చేయకపోతే మీరే చేసి ఎలా మాట్లాడాలో అడగండి.